నీటికి మేలు, ఒంటికి చేటు: క్లోరిన్ డయాక్సైడ్‌పై ఆగని ప్రచారం

న్యూఢిల్లీ: మంచినీటిలోని సూక్ష్మక్రిములను హతమార్చే రసాయనం మనిషి ఒంట్లోని రోగాన్ని కూడా హతమార్చగలదన్న ప్రచారం దాదాపు రెండు దశాబ్దాలుగా దేశదేశాలలో సాగుతోంది. మలేరియా మొదలు క్యాన్సర్ వరకు, ఎయిడ్స్ మొదలు పిల్లల్లో కనిపించే ఆటిజం వరకు, చివరకు కోవిడ్‌కు సైతం క్లోరిన్ డయాక్సైడ్ ద్రావణమే దివ్యౌషధమన్న మాటలు నమ్మి తాగినవారు ఆసుపత్రుల పాలయ్యారు. మరణాలు సంభవించినట్లు కూడా తమకు నివేదికలు అందాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెల్లడించింది.

ఈ ద్రావణాన్ని అమ్మిన తండ్రికి, ముగ్గురు కొడుకులకు 2023లో అమెరికా న్యాయస్థానం జైలు శిక్ష విధించింది. అయినా ప్రచారం సద్దుమణగలేదు. అమెరికా ఆరోగ్య మంత్రి పదవికి నామినేట్ అయిన రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ 2025 జనవరిలో సెనేట్ కమిటీ ముందు హాజరైనప్పుడు, కోవిడ్ కాలంలో ట్రంప్ అన్ని రకాల చికిత్సలనూ పరిశీలించారని ప్రశంసిస్తూ ఆ జాబితాలో క్లోరిన్ డయాక్సైడ్ పేరును కూడా చేర్చడం గమనార్హం. ఏ దేశపు ప్రధాన ఔషధ నియంత్రణ సంస్థా తాగే మందుగా ఆమోదించని రసాయనానికి ఇంతటి ప్రచారం ఎలా లభించింది? నీటికి మేలు చేసేది ఒంటికి ఎందుకు చేటు చేస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఆ రసాయన స్వభావంలోనే ఉంది.

ఏమిటీ రసాయనం?

ఒక క్లోరిన్ పరమాణువు, రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిస్తే క్లోరిన్ డయాక్సైడ్ ఏర్పడుతుంది. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఆంగ్ల శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ దీనిని తయారుచేసి పరిశీలించారు. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఇది ఆకుపచ్చ ఛాయగల పసుపురంగు వాయువు. వాసన ఘాటుగా ఉంటుంది. సుమారు 11 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ద్రవంగా మారుతుంది. గాలిలో దీని పాలు 10 శాతం దాటితే పేలిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల క్లోరిన్ మాదిరిగా దీనిని సిలిండర్లలో కుదించి లారీలపై తరలించే వీలులేదు. వాడుకునే చోటనే, అవసరమైన మేరకే, సోడియం క్లోరైట్ నుంచో సోడియం క్లోరేట్ నుంచో తయారుచేసుకుంటారు.

పేరులో క్లోరిన్ ఉన్నా దీని పనితీరు క్లోరిన్‌కు భిన్నమైనది. సాధారణంగా అణువుల్లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. క్లోరిన్ డయాక్సైడ్ అణువులో మాత్రం ఒక ఎలక్ట్రాన్ జంట లేకుండా మిగిలిపోతుంది. ఆ లోటు తీర్చుకునేందుకు ఈ అణువు ఎదురుపడిన పదార్థం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది. ఈ ప్రక్రియనే ఆక్సీకరణం అంటారు. బ్యాక్టీరియా, వైరస్‌ల మాంసకృత్తులు ఈ విధంగా దెబ్బతినడం వల్లనే అవి నశిస్తాయి. ఎలక్ట్రాన్‌ను గ్రహించిన క్లోరిన్ డయాక్సైడ్ క్లోరైట్‌గా మారి నీటిలో మిగులుతుంది.

ఈ క్లోరైట్ అన్న పేరును పాఠకులు గుర్తుంచుకోవలసి ఉంది. మనం తినే ఉప్పు సోడియం క్లోరైడ్. ఈ ద్రావణం తయారీకి వాడేది సోడియం క్లోరైట్. పలకడంలో తేడా ఒక్క అక్షరమే అయినా గుణంలో రెంటికీ పోలిక లేదు. ఒకటి వంటింటి వస్తువు. రెండవది బలమైన ఆక్సీకరణి. ఒంట్లోకి వెళ్లాక ఇది ఉప్పుగా మారిపోతుందని ప్రచారకులు చెప్పే మాట సగం నిజం మాత్రమే. క్లోరైడ్‌గా మారే క్రమంలోనే అది దారిలో తగిలిన కణజాలాన్ని ఆక్సీకరిస్తుంది. హాని జరిగేది ఆ మార్పు వల్లనే.

పరిశ్రమలో ప్రయోజనాలు

తాగునీటి శుద్ధిలో క్లోరిన్ డయాక్సైడ్‌కు స్థిరమైన స్థానం ఉంది. క్లోరిన్ వాయువు నీటిలో కుళ్లిన ఆకులు, ఇతర సేంద్రియ పదార్థాలతో కలిసినప్పుడు ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు ఏర్పడతాయి. క్లోరిన్ డయాక్సైడ్‌తో ఈ బెడద చాలా తక్కువ. అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణం 1944లోనే దీనిని నీటి శుద్ధికి వినియోగించింది. అనంతరం అమెరికా, ఐరోపాలలోని పలు నగరాలు ఈ పద్ధతిని అనుసరించాయి.

కాగితపు పరిశ్రమలో దీని ప్రాముఖ్యం మరింత ఎక్కువ. గుజ్జును తెల్లబరచడానికి పూర్వం క్లోరిన్ వాయువును వాడేవారు. దానివల్ల డయాక్సిన్ల వంటి విషపదార్థాలు నదుల్లో కలిసేవి. క్లోరిన్ స్థానంలో క్లోరిన్ డయాక్సైడ్‌ను ప్రవేశపెట్టాక ఈ కాలుష్యం గణనీయంగా తగ్గింది. భద్రాచలం సమీపాన సారపాకలోని ఐటీసీ కాగితపు కర్మాగారం మన దేశంలో ఈ పద్ధతిని ముందుగా చేపట్టినవాటిలో ఒకటి. 2001లో అమెరికా సెనేటర్ల కార్యాలయాలున్న హార్ట్ భవనానికి ఆంథ్రాక్స్ క్రిములతో కూడిన ఉత్తరం చేరినప్పుడు, ఆ క్రిములను నిర్మూలించింది కూడా ఈ వాయువే. భవనం నుంచి మనుషులందరినీ పంపివేసిన తర్వాతనే వాయువును వదిలారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

లెక్క తేల్చే నిజం

మంచినీటిలో కలిపేదే కదా, తాగితే తప్పేమిటన్నది ప్రచారకుల ప్రధాన వాదన. మోతాదుల లెక్క చూస్తే ఈ వాదనలోని డొల్లతనం బయటపడుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధనల ప్రకారం లీటరు తాగునీటిలో క్లోరిన్ డయాక్సైడ్ 0.8 మిల్లీగ్రాములకు, క్లోరైట్ ఒక మిల్లీగ్రాముకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరైట్‌కు సూచించిన పరిమితి లీటరుకు 0.7 మిల్లీగ్రాములు.

కాగా, ‘మిరకిల్ మినరల్ సొల్యూషన్’ పేరుతో, క్లుప్తంగా ఎంఎంఎస్ అన్న పేరుతో అమ్ముడవుతున్న సీసాలలో సోడియం క్లోరైట్ గాఢత సుమారు 28 శాతమని ఎఫ్‌డీఏ పేర్కొంది. మిల్లీలీటరులో ఇరవయ్యో వంతును ఒక చుక్కగా లెక్కిస్తే, ఆ ద్రావణం ఒక్క చుక్కలోనే దాదాపు 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరైట్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి లోబడిన నీటిని 10 లీటర్లకు పైగా తాగితే గానీ అంత క్లోరైట్ ఒంట్లోకి చేరదు. ప్రచారకులు చెప్పేది ఒక చుక్కతో ఆగదు. రోజుకు పలుమార్లు, పలు చుక్కల చొప్పున, ఆమ్లంతో కలిపి తాగాలన్నది వారి సలహా.

తమ వాదనకు మద్దతుగా వారు ఒక పరిశోధనను తరచు ఉదహరిస్తుంటారు. 1980 దశకం ఆరంభంలో ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు పన్నెండు వారాల పాటు క్లోరిన్ డయాక్సైడ్ కలిపిన నీరు ఇచ్చి పరీక్షించారు. చెప్పుకోదగిన హాని కనిపించలేదన్నది నిజమే. అయితే ఆ నీరు రోజుకు అర లీటరు; అందులోని క్లోరిన్ డయాక్సైడ్ లీటరుకు 5 మిల్లీగ్రాములు మాత్రమే. నీటి శుద్ధిలో మిగిలిపోయే కొద్దిపాటి రసాయనం ప్రమాదకరమా, కాదా అని తేల్చడమే ఆ పరీక్ష ఉద్దేశం. రోగం నయమవుతుందని ఆ పరిశోధన చెప్పలేదు. ఆ ప్రశ్నను అది పరిశీలించనే లేదు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆక్సీకరణికి మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. క్రిమి కణాన్ని దెబ్బతీసిన తీరుగానే పేగుల లోపలి పొరనూ, రక్తకణాన్నీ దెబ్బతీస్తుంది. రక్తంలోని హెమోగ్లోబిన్‌లో ఇనుము ఒక నిర్దిష్ట స్థితిలో ఉన్నంతకాలమే ప్రాణవాయువును మోయగలుగుతుంది. క్లోరైట్ ఆ ఇనుమును ఆక్సీకరించి మెథెమోగ్లోబిన్‌గా మారుస్తుంది. అప్పుడు ఊపిరి పీలుస్తున్నా కణాలకు ప్రాణవాయువు అందదు. పెదవులు, గోళ్లు నీలి రంగుకు తిరుగుతాయి. ఎర్ర రక్తకణాలు చిట్లిపోతే ఆ భారం మూత్రపిండాలపై పడుతుంది. తీవ్రమైన వాంతులు, విరేచనాలు, నిర్జలీకరణం, ప్రమాదకర స్థాయికి రక్తపోటు పడిపోవడం, కాలేయం విఫలం కావడం, గుండె లయలో మార్పులు వంటి ఉదంతాలు ఎఫ్‌డీఏ హెచ్చరికలలో నమోదై ఉన్నాయి.

సోడియం క్లోరైట్ మింగిన యువకుడికి మూత్రపిండాలు విఫలమైన ఉదంతాన్ని తైవాన్ వైద్యులు 1993లో ప్రచురించారు. క్లోరిన్ డయాక్సైడ్ వల్ల మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిని, తిరిగి కోలుకున్న రోగి వివరాలను భారతీయ వైద్యులు 2013లో ఒక అంతర్జాతీయ వైద్యపత్రికలో వెల్లడించారు.

జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవారికి ముప్పు మరింత అధికం. ఎర్ర రక్తకణాలను ఆక్సీకరణం నుంచి కాపాడేది ఈ ఎంజైమే. ఈ లోపం మలేరియా తరతరాలుగా పీడించిన ప్రాంతాలలోనే ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో పలు గిరిజన సమూహాలలోనూ ఇది ఉంది. మలేరియా రోగికి ప్రైమాక్విన్ ఇచ్చే ముందు వైద్యులు దీనిని దృష్టిలో ఉంచుకునేది ఇందుకే. క్లోరిన్ డయాక్సైడ్‌ను మొట్టమొదట మలేరియా మందుగానే ప్రచారం చేశారన్నది గమనిస్తే, ఎవరికి ఎక్కువ హాని చేస్తుందో వారికే దానిని అంటగట్టారని స్పష్టమవుతుంది. మెథెమోగ్లోబిన్ పెరిగిన రోగికి సాధారణంగా ఇచ్చే మెథిలీన్ బ్లూ అనే విరుగుడు కూడా ఈ లోపం ఉన్నవారికి పనిచేయకపోగా హాని కలిగించవచ్చు.

లక్షణమే రుజువట!

శాస్త్రీయ ఆధారం లేని చికిత్సలు చాలానే ఉన్నాయి. వాటిలో అధికభాగం రోగికి డబ్బు నష్టం, కాలం నష్టం కలిగిస్తాయి. క్లోరిన్ డయాక్సైడ్ విషయంలో అంతకంటే ప్రమాదకరమైన మెలిక ఒకటి ఉంది. తాగినవారికి వాంతులు, విరేచనాలు మొదలైతే మందు పనిచేస్తోందనడానికి, ఒంట్లోని విషం బయటికి పోతోందనడానికి అదే గుర్తని ప్రచారకులు నమ్మబలుకుతారు. శరీరం చేసే హెచ్చరికను స్వస్థతగా చూపించడం వల్ల రోగి ఆపవలసిన చోట మోతాదు పెంచుతాడు. ఆసుపత్రికి వెళ్లవలసిన సమయంలో ఇంట్లోనే ఉండిపోతాడు.

ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఈ మెలిక మరీ దారుణ రూపం దాల్చింది. కొందరు తల్లిదండ్రులు ఈ ద్రావణాన్ని పిల్లలకు తాగించడమే కాక ఎనిమా రూపంలోనూ ఎక్కించారు. మలంలో పోగుల వంటివి పడితే అవి ఆటిజాన్ని కలిగించే పురుగులని ప్రచారకులు చెప్పారు. అవి రసాయనం ధాటికి ఊడివచ్చిన పేగుల లోపలి పొర, జిగురేనని వైద్యులు స్పష్టం చేస్తున్నారు. బాధ చెప్పుకోలేని పిల్లలు దీనికి బలయ్యారు.

ఇక గాజునాళికలో వైరస్ చచ్చిందన్న వాదన. సబ్బునీరు, ఫినాయిలు కూడా గాజునాళికలో వైరస్‌ను చంపుతాయి. క్రిమిని చంపి రోగిని బతికించేదే మందు. ఆ తేడాను తేల్చేందుకే మనుషులపై పకడ్బందీ పరీక్షలు అవసరమవుతాయి. అలాంటి పరీక్షలలో క్లోరిన్ డయాక్సైడ్ తాగడం వల్ల ఏ రోగమైనా నయమైనట్లు రుజువు కాలేదు.

ప్రచారం పుట్టుక

ఈ ప్రచారానికి ఆద్యుడు జిమ్ హంబుల్ అనే అమెరికన్. 1996లో దక్షిణ అమెరికాలోని గయానా అడవులలో బంగారం అన్వేషణకు వెళ్లినప్పుడు, నీటిశుద్ధికి తీసుకెళ్లిన ద్రావణంతో మలేరియా నయమైనట్లు కనుగొన్నానని ఆయన చెప్పుకున్నారు. 2006లో దీనిపై పుస్తకం వెలువరించారు. అనంతరం మార్క్ గ్రెనాన్ అనే వ్యక్తితో కలిసి ‘జెనెసిస్ 2 చర్చి’ని నెలకొల్పారు. పేరుకు చర్చి అయినా దైవారాధనతో దానికి సంబంధం లేదు. ఎంఎంఎస్‌ను మందుగా కాక ‘ప్రసాదం’గా, సొమ్మును ధరగా కాక ‘విరాళం’గా పిలిచి ఔషధ చట్టాల నుంచి తప్పించుకోవడమే అసలు ఉద్దేశమని అమెరికా ప్రాసిక్యూటర్లు ఆరోపించారు.

చట్టం కళ్లుగప్పేందుకు ఇతరులు వేరే దారులు వెతికారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో లూయిస్ డేనియల్ స్మిత్ అనే వ్యాపారి, నీటిశుద్ధి, మురుగునీటి శుద్ధి సంస్థల పేరు చెప్పి సోడియం క్లోరైట్‌ను కొనుగోలు చేశాడు. 2015లో అతనికి 51 నెలల జైలు శిక్ష పడింది. ఎఫ్‌డీఏ 2010లోనే ఎంఎంఎస్‌పై ప్రజలను హెచ్చరించింది. 2019లో మరోమారు హెచ్చరిస్తూ, దీనిని తాగడం బ్లీచ్ తాగడంతో సమానమని తేల్చి చెప్పింది. స్పెయిన్ ఔషధ సంస్థ కూడా 2010లోనే అమ్మకాలను నిషేధించింది.

కోవిడ్ కాలంలో కోరలు

2020లో కోవిడ్ మహమ్మారి విరుచుకుపడడంతో ఈ వ్యాపారానికి కొత్త ఊపిరి వచ్చింది. ఎంఎంఎస్ కోవిడ్‌ను నయం చేస్తుందని జెనెసిస్ సంస్థ ప్రచారం ప్రారంభించగా, ఫ్లోరిడాలోని ఫెడరల్ న్యాయస్థానం అదే ఏడాది ఏప్రిల్‌లో అమ్మకాలను నిలిపివేయవలసిందిగా ఆదేశించింది. గ్రెనాన్ కుటుంబం ఆ ఆదేశాన్ని బాహాటంగా ధిక్కరించింది. అనంతరం జరిపిన సోదాలలో దాదాపు 10 వేల పౌండ్ల, అంటే సుమారు నాలుగున్నర టన్నుల సోడియం క్లోరైట్ పొడి పట్టుబడింది. ఈ కుటుంబం అమ్మకాల ద్వారా 10 లక్షల డాలర్లకు పైగా ఆర్జించినట్లు ప్రాసిక్యూషన్ పేర్కొంది. 2023 అక్టోబరులో మయామీ న్యాయస్థానం ఇద్దరు కొడుకులకు పన్నెండున్నరేళ్లకు పైగా, తండ్రికి, మరో కొడుకుకు ఐదేళ్ల చొప్పున శిక్ష విధించింది.

ఇదిలా ఉండగా, దక్షిణ అమెరికాలో పరిస్థితి మరింత విషమించింది. ఆసుపత్రులలో పడకలు లేక, ఆక్సిజన్ దొరకక తల్లడిల్లిన బొలీవియాలో ప్రజలు ఈ ద్రావణం కోసం బారులు తీరారు. ఆరోగ్య మంత్రిత్వశాఖ వ్యతిరేకించినా, కోవిడ్ చికిత్సకు దీని తయారీ, వినియోగాలను అనుమతిస్తూ ఆ దేశ పార్లమెంటు 2020లో చట్టం చేసింది. ఒకే దేశంలో వైద్యశాఖ విషమన్నదానికి చట్టసభ మందని ముద్ర వేసింది. అర్జెంటీనాలో 2020 ఆగస్టులో ఐదేళ్ల బాలుడి మృతికి తల్లిదండ్రులు ఇచ్చిన క్లోరిన్ డయాక్సైడే కారణమన్న అనుమానాలు తలెత్తాయి. 2021 జనవరిలో అదే దేశంలో ఒక ఫెడరల్ న్యాయమూర్తి, కుటుంబ సభ్యుల అభ్యర్థన మేరకు, కోవిడ్ రోగికి దీనిని ఎక్కించాలని ఆసుపత్రిని ఆదేశించారు. ఆ రోగి మరణించాడు. క్లోరిన్ డయాక్సైడ్‌ను ఏ రూపంలోనూ తీసుకోరాదని పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థ 2020లోనే హెచ్చరించింది.

ఈ ఉదంతాలు ఒక విషయాన్ని తేటతెల్లం చేస్తున్నాయి. ప్రభుత్వ వైద్యం అందుబాటులో లేని చోట, లేదా దానిపై నమ్మకం సడలిన చోట ఇలాంటి ద్రావణాలకు గిరాకీ పెరుగుతుంది. హెచ్చరికలు జారీ చేసినంత మాత్రాన ఆ ఖాళీ పూడదు.

మన దేశంలో

ఈ రసాయనం మన దేశానికి కొత్తది కాదు. నీటిశుద్ధి కేంద్రాలకు, కాగితపు మిల్లులకు తోడు, కోస్తా జిల్లాల రొయ్యల చెరువులలో నీటిని శుభ్రపరిచేందుకు కూడా క్లోరిన్ డయాక్సైడ్ ఆధారిత ఉత్పత్తులు వాడుకలో ఉన్నాయి. న్యాయమైన అవసరాలున్న సరుకును పూర్తిగా నిషేధించడం సాధ్యం కాదు, సమంజసమూ కాదు. నియంత్రించవలసింది సీసాను కాదు, సీసాపై రోగం పేరు చెప్పి అమ్మే మాటను.

అందుకు మనకు చట్టం లేకపోలేదు. 1954 నాటి ఔషధాలు, ఇంద్రజాల చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం క్యాన్సర్, మధుమేహం సహా 54 వ్యాధులను నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధిస్తోంది. అయితే తొలి నేరానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు మాత్రమే. శిక్షను రెండేళ్లకు, జరిమానాను 10 లక్షల రూపాయలకు పెంచుతూ కేంద్రం 2020 ఫిబ్రవరిలో ముసాయిదా సవరణ బిల్లును ప్రకటించింది. వ్యాధుల సంఖ్యను 78కి పెంచాలన్నది కూడా అందులోని ప్రతిపాదన. తప్పుదోవ పట్టించే వైద్య ప్రకటనలపై పతంజలి కేసులో 2024లో తీవ్రంగా స్పందించిన సుప్రీంకోర్టు, 1954 చట్టం కింద ప్రజల ఫిర్యాదులు స్వీకరించే యంత్రాంగాన్ని ఏర్పాటు చేయవలసిందిగా 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ యంత్రాంగం జిల్లా స్థాయిలో ఎంత చురుకుగా పనిచేస్తుందన్న దానిపైనే చట్టం విలువ ఆధారపడి ఉంటుంది.

చట్టం రాసిన నాడు ప్రకటన అంటే పత్రికలో వచ్చేది, గోడపై అంటించేది. ఇప్పుడు ప్రకటన అరచేతిలోని ఫోనులో, బంధువుల మధ్య, స్నేహితుల మధ్య సలహా రూపంలో ప్రయాణిస్తోంది. దానిని ఏ ఇన్‌స్పెక్టరూ చూడలేడు. కాబట్టి తొలి కాపలా కుటుంబమే. ఎవరైనా ఈ ద్రావణాన్ని తాగినట్లు తెలిస్తే బలవంతంగా వాంతి చేయించరాదు. సీసాను వెంట తీసుకుని తక్షణమే ఆసుపత్రికి తరలించాలి. నీలిరంగుకు తిరిగిన పెదవులు, ముదురు రంగు మూత్రం, ఆయాసం అత్యవసర చికిత్స అవసరమనడానికి గుర్తులు.

క్లోరిన్ డయాక్సైడ్ చెడ్డ రసాయనం కాదు. కలరా, టైఫాయిడ్ క్రిములను నీటిలోనే అంతమొందించి, మనిషి దాకా రాకుండా ఆపడం దాని పని. ఆ పనిని అది సమర్థంగానే చేస్తోంది. దాని స్థానం నీటిశుద్ధి కేంద్రం. దాని కొలత మిల్లీగ్రాము. ఆ స్థానం మార్చి, ఆ కొలత మరచి, దానిని మందు సీసాలో పోసి అమ్మేవారిని అదుపు చేయడం ప్రభుత్వాల బాధ్యత. ఒంటికి పడని పదార్థాన్ని ఒళ్లే తిప్పికొడుతున్నప్పుడు ఆ మాట వినడం రోగికి, అతని ఇంటివారికి శ్రేయస్కరం.